గవరయ్య చూసిన మణికట్టు

కలకత్తా రేవు పక్క వాట్‌గంజ్‌లో గవరయ్య ఇల్లెక్కడ అని అడిగితే చెప్పేవాళ్లు ఒక్కరూ దొరకరు. గౌర్‌దా ఇల్లంటే మాత్రం పాన్‌షాపు కుర్రాడి దగ్గర్నుంచి చేపలమ్మే ముసలమ్మ దాకా చెయ్యెత్తి చూపిస్తారు. గవరయ్య అనే పేరు బెంగాలీ నాలుకకు లొంగక, రేవు ఆసుపత్రిలో చేరిన మొదటి వారంలోనే అక్కడివాళ్లు దాన్ని గౌర్‌గా చెక్కేసి, వెనక అన్నకి బదులు ఒక దా తగిలించి వదిలేశారు. అతను పెద్దగా పట్టించుకోలేదు. చీకటిగదిలో పనిచేసేవాణ్ణి ఏ పేరుతో పిలిస్తే ఏముందిలే అనేవాడు.

ఎక్స్‌రే విభాగంలో అతని పని ఫిల్ము కడగడం. పక్కగదిలో సాల్మన్ రాజు మిషను నడుపుతాడు. బాపట్ల వైపు నుంచి వచ్చిన మనిషి, ఆదివారం చర్చిలో పాడతాడు, మిగతా ఆరు రోజులూ రోగుల మీద అరుస్తాడు. అతను తీసిన ఫిల్ము రేకు పెట్టెలో భద్రంగా ఉండి, గోడలో ఉన్న అరలోంచి ఇటు వస్తుంది. గవరయ్య గుడ్డి ఎర్ర దీపం కింద పెట్టె విప్పి, ఫిల్ముని చట్రానికి తగిలించి మొదట మందునీళ్లలో ముంచుతాడు, తర్వాత మంచినీళ్లలో, ఆ తర్వాత బొమ్మని నిలబెట్టే హైపోలో, మళ్లీ నీళ్లలో. అంతే పని. చేతి గోళ్లు చింతపండు పిసికినట్టు ఎర్రగా ఉండేవి, చొక్కా ఎప్పుడూ పులుపు కంపు కొట్టేది. కరెంటు కోతల రోజుల్లో ఆసుపత్రి మొత్తం గగ్గోలు పెడుతుంటే తన గదిలో తాను నిశ్చింతగా ఉన్నానని నవ్వేవాడు గానీ, అదీ పూర్తిగా నిజం కాదు. ఎర్ర దీపం కూడా పోతే ఫిల్ము ఎప్పుడు తియ్యాలో తెలీదు. అప్పుడు ఒకటి నుంచి రెండువందల దాకా బయటికే లెక్కపెట్టుకునేవాడు, శ్రీకాకుళం యాసలో, గొంతెత్తి. బయట బెంచీ మీద కూర్చున్న రోగులు లోపల ఏదో పూజ జరుగుతోందని అనుకునేవాళ్లు.

చదువు నాలుగో తరగతి. కళింగపట్నం పక్కన ఊరు. మేనమామ రేవులో బస్తాలెత్తే పనికొచ్చి, వెంట ఇతన్నీ తెచ్చాడు. చెయ్యి బస్తాకి పనికిరాదని ఆసుపత్రిలో వేయించాడు. ఇలాంటి మనిషికి ఎముకల గురించి చెప్పాలని ఎవరికి తోస్తుంది? డాక్టర్ శిబాని లాహిరికి తోచింది. ఎక్స్‌రేలు చదివే పెద్ద డాక్టరమ్మ ఆమె, కోపం ముక్కు మీదే ఉండేది. కానీ ఎవరైనా ప్రశ్న అడిగితే మాత్రం ఆ కోపం ఎక్కడికి పోయేదో పోయేది.

అది డెబ్బై ఎనిమిది శీతాకాలం. వీధుల్లో, కిందటేడు గెలిచిన పార్టీ ఎర్రజెండాలకి ఇంకా కొత్త రంగు పోలేదు. రేవులో తండ్రి పోయిన కుర్రాడొకడు తండ్రి కూలీ బిళ్ల, అంటే ఆ ఉద్యోగం, తనకివ్వమని వచ్చాడు, పద్దెనిమిదేళ్లు నిండాయన్నాడు. కాయితం లేదు. మన రేవు కుటుంబాల్లో కాయితం ఉన్నవాళ్లెవరు? తుపానొచ్చిన ఏడు పుట్టినాడంటారు, పెద్దమ్మ కూతురి పెళ్లప్పుడు పొట్టలో ఉన్నాడంటారు. అందుకని ఆఫీసువాళ్లు అలాంటి పిల్లల్ని ఆసుపత్రికి పంపేవాళ్లు, మణికట్టు ఫోటో తీసి వయసు చెప్పమని. గవరయ్య తడి ఫిల్ము పట్టుకెళ్లి ఇచ్చి, వెళ్లకుండా నిలబడిపోయాడు.

“సెయ్యి సూసి వయసు ఎలగ సెప్తారమ్మా, జోస్యమా?” అన్నాడు తన వచ్చీరాని బెంగాలీలో.

లాహిరి అతని వైపు ఒక చూపు చూసి, లేచి బీరువా తెరిచింది. పాత ఫిల్ములు అయిదారు తీసి, వెలుగుపెట్టె మీద వరసగా తగిలించింది. “లెక్కపెట్టు గౌర్. ఇది రోజుల పిల్లది. మణికట్టులో ఎన్ని ఎముకలున్నాయి?”

గవరయ్య ముక్కు ఆనించి చూశాడు. మోచేతి నుంచి వచ్చిన రెండు ఎముకలు ఒకచోట ఆగిపోయాయి. వేళ్ల ఎముకలు ఇంకోచోట మొదలయ్యాయి. మధ్యలో నల్లటి ఖాళీ.

“ఒక్కటీ లేదమ్మా. మరి సెయ్యి ఊడి రాదేటి?”

“ఉన్నాయి. మెత్తగా ఉన్నాయి. మెత్తగా ఉన్నంతకాలం ఈ ఫోటోకి కనబడవు. గట్టిపడేకొద్దీ ఒక్కొక్కటీ బయటపడతాయి. చూడు, కొన్ని నెలలకి రెండు. మూడో ఏడు దాటేసరికి మూడోది. నాలుగోదీ అయిదోదీ అలా వస్తూ ఉంటాయి, ఆడపిల్లలకి కాస్త ముందు, మగపిల్లలకి వెనక. చిట్టచివరికి ఇదిగో, ఇది. తొమ్మిదీ పదేళ్లకి గాని రాదు. మొత్తం ఎనిమిది.”

ఆ చివరిది బఠాణీగింజంత ఉంది, అచ్చం బఠాణీలాగే గుండ్రంగా. గవరయ్య ఇంకా దగ్గరికి వంగాడు. ఇన్నాళ్లూ తను కడిగిన ఫిల్ముల్లో ఇవన్నీ తెల్లమచ్చలు. ఎవరూ పిలవకుండా, ఎవరూ చెయ్యిపెట్టకుండా, ప్రతి పిల్లకీ ప్రతి పిల్లవాడికీ ఇదే వరసలో ఈ ముక్కలు వచ్చి తమ చోట్లలో కూర్చుంటున్నాయంటే అతనికి నమ్మబుద్ధి కాలేదు. రాజుల పిల్లలకైనా ఇంతేనా అని అడిగాడు. ఇంతే అంది లాహిరి.

“అసలైంది ఇది చూడు,” అని ఆమె ముంజేతి ఎముక చివర పెన్సిలు పెట్టింది. ఎముక పైన చిన్న టోపీలాగ ఇంకో ముక్క ఉంది. రెండింటికీ మధ్య సన్నటి నల్లగీత. “ఈ గీత దగ్గరే ఎముక పెరుగుతుంది. గీత తెరిచి ఉన్నంతకాలం పిల్ల పొడుగెదుగుతుంది. పెరగడం అయిపోయాక టోపీ కింది ఎముకకి అతుక్కుపోతుంది. ఒకసారి మూసుకుందా, మళ్లీ తెరవడం ఎవరివల్లా కాదు. ఈ కుర్రాడికి ఇంకా ఇంత వెడల్పుగా ఉంది. పద్దెనిమిది కాదు, పదిహేనో పదహారో. ఒకటి రెండేళ్లు అటూ ఇటూ ఉండొచ్చు. అంతకు మించి తేడా పోదు.”

ఆ రోజునుంచీ గవరయ్య మనిషి మారాడు. ట్రాములో పక్కవాళ్ల ముఖాలు చూడడం మానేసి మణికట్లు చూసేవాడు. ఆ డాక్టరీ పేర్లు నోరు తిరగక తనే పేర్లు పెట్టుకున్నాడు. ఒకటి పడవ, ఒకటి చందమామ ముక్క, ఒకటి తలకాయ, ఒకటి బఠాణీ. కొసన వంకరున్నదాన్ని కొక్కెం అన్నాడు, మేనమామ బస్తాలు లాగే కొక్కేన్ని చూసి. ఇంటికెళ్తే ఏడాది నిండిన కూతురు అరుంధతి ఉండేది. దాని ఎడమచెయ్యి రెండు వేళ్లతో పట్టుకుని, “ఇప్పుడు దీనికాడ రెండున్నాయే రామమ్మా,” అనేవాడు. పెళ్లాం రామమ్మ అంట్లు తోముకుంటూ, “దానికాడ అరిసే నోరుంది, అది సాలు,” అనేది.

ఆ కూతురు మూడేళ్లు నిండకుండానే పోయింది.

ఎనభైలో రామమ్మ మళ్లీ కడుపుతో ఉండి, ఎండాకాలంలో పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్లింది. వానలు పట్టేసరికి అక్కడ పిల్లకి తట్టు పోసింది. తంతి అందుకుని గవరయ్య మద్రాసు మెయిలెక్కాడు. దారిపొడుగునా ఒకటే ఆలోచన, మూడోది వచ్చేసుంటుంది, నాలుగోది దార్లో ఉండుంటుంది అని. దిగేసరికి సరుగుడుతోట అవతల ఇసకలో పూడ్చేసి రెండు రోజులైంది. శవాన్ని కూడా చూడలేదు. అత్త కాసులమ్మ ఒక మాట చెప్పింది. పూడ్చేముందు పిల్ల ఎడమ మణికట్టు లోపలివైపు కాటుకచుక్క పెట్టాననీ, వాళ్ల ఇంట్లో అది మామూలేననీ, మళ్లీ వచ్చేటప్పుడు ఆ గుర్తుతో వస్తుందనీ.

సంక్రాంతి దాటాక రామమ్మకి ఆడపిల్ల పుట్టింది. ఎడమ మణికట్టు లోపలివైపు పుట్టుమచ్చ ఉంది, నల్లగా, మిరియంగింజంత.

ఆ మచ్చ చూసేదాకా రామమ్మ ఆరునెలలు సరిగా అన్నం తినలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. పిల్ల చెయ్యి తిప్పి చూసుకుని, ముద్దుపెట్టుకుని, “ఎల్లినాది, ఆడుకుని మళ్లీ వొచ్చినాది,” అని గంజి తాగింది. పేరు పెట్టాల్సిన పనేముంది? ఉన్న పేరే పిలిచింది. అరుంధతి. గవరయ్య నమ్మాడా అంటే చెప్పలేను. నమ్మలేదనీ చెప్పలేను. పెళ్లాం మళ్లీ మనిషైంది, అదే పదివేలనుకున్నాడు. ఏడాది తర్వాత వాళ్లు కలకత్తా వచ్చేసరికి పాత ఇల్లు మారిపోయింది, పాత ఇరుగుపొరుగు పోయారు. ఇది రెండో పిల్లా అని అడిగేవాళ్లే లేరు. పెద్దది పోయిన సంగతి గవరయ్య ఆసుపత్రిలో ఎవరికీ చెప్పుకోలేదు.

బడిలో వేసేటప్పుడు పుట్టినతేదీ కాయితం కావాలన్నారు. రామమ్మ పెట్టె తీసి, చీరమడతల్లోంచి కాయితం తెచ్చి చేతిలో పెట్టింది. డెబ్బై ఏడు అక్టోబరు, ఈ ఆసుపత్రిలోనే పుట్టినట్టు ముద్రతో సహా. “ఇదిగో మావా, దాని కాయితం.” ఇది దీనిది కాదే అన్న మాట గవరయ్య నోటిదాకా వచ్చింది. పెళ్లాం ముఖం చూసి మింగేశాడు. ఇలాంటి తప్పు ఇంకెవరు చేస్తారు చెప్పండి! ఆరేళ్ల పిల్ల కాయితంలో తొమ్మిదేళ్లదైంది. రేవు పిల్లలు బడికి ఆలస్యంగానే వస్తారని మాస్టారు రాసుకున్నాడు. ఉద్యోగుల ఇళ్లవాళ్ల వైద్యం కోసం ఆసుపత్రి ఇచ్చిన కుటుంబం పుస్తకంలో పెద్దదాని పేరు అలాగే ఉంది. పోయిందని రాయించనూలేదు, చిన్నది పుట్టిందని రాయించనూలేదు. ఒక్క గడిలో ఇద్దరు పిల్లలు సర్దుకున్నారు.

రోజులు గడిచాయి. తొంభై నాలుగు వేసవి నాటికి కాయితం ప్రకారం అరుంధతికి పదహారున్నర. నిజానికి పదమూడు నిండి మూడు నెలలు. పిల్ల చలాకీది. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో రెండూ కలిపి మాట్లాడేది. బక్కగా, కాళ్లు పొడుగ్గా ఉండేది. ఇంకా పెద్దమనిషి కాలేదు.

ఇక్కడే వచ్చింది చిక్కు. రామమ్మ లోకానికి అబద్ధం చెప్పడం లేదు, తనూ అలాగే లెక్కపెట్టుకుంటోంది. ఆమె దృష్టిలో పిల్ల మొదటిసారి పుట్టిన రోజే పుట్టినరోజు. మధ్యలో వెళ్లొచ్చిన ఆరునెలలు ఊరెళ్లొచ్చినట్టే. అందుకని పదహారేళ్లు దాటినా కూతురు పెద్దమనిషి కాలేదని మంచం పట్టేంత బెంగపెట్టుకుంది. మొగుడికి చెప్పకుండా, పిల్లని వెంటబెట్టుకుని, కుటుంబం పుస్తకం పట్టుకుని ఆడవాళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆవిడ పుస్తకంలో వయసు చూసి, పిల్లని చూసి, మణికట్టు ఫోటో రాసింది.

ఆ శుక్రవారం పొద్దున్న గోడలోని అరలో పెట్టె పడిన చప్పుడుతో పాటు సాల్మన్ రాజు గొంతు కూడా వచ్చింది. “గవరయ్యా, జాగ్రత్తగా కడుగు. మనమ్మాయిదే.”

ఏటి, ఎవరి అమ్మాయి అని అడిగే లోపల అవతల తలుపు మూసుకుంది. గవరయ్య చేతులు అలవాటుగా పెట్టె విప్పాయి, చట్రానికి తగిలించాయి, మందునీళ్లలో ముంచాయి. అప్పుడు అర్థమైంది. పదహారేళ్లలో ఎన్ని వేల చేతులు కడిగాడో, తన ఇంట్లో చెయ్యి ఒక్కటీ చూడలేదు.

ఎర్రవెలుగులో చెయ్యి మెల్లగా పైకి తేలింది. ముందు వేళ్ల కొసలు. తర్వాత అరచెయ్యి. ఆ తర్వాత మణికట్టు. పడవ వచ్చింది, చందమామ ముక్క వచ్చింది, తలకాయ, కొక్కెం, అన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నాయి. బఠాణీ కూడా ఉంది. బొటనవేలి మొదట్లో ఆవగింజంత కొత్తముక్క ఒకటి వేసుకుంటోంది. అబ్బ! తన కంచం పక్కనే అన్నం తిన్న చెయ్యి, తన జేబులోంచి చిల్లర లాగి చాక్లెట్లు కొనుక్కున్న చెయ్యి, ఎవరితోనూ చెప్పకుండా లోపల ఇంత పని చేసింది. ఒక్కటి తప్పలేదు, ఒక్కటి వరస మారలేదు. గవరయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. చట్రం ఎత్తడం మరిచిపోయేవాడే, ఉలిక్కిపడి లెక్క అందుకుని నీళ్లలోకి మార్చాడు.

హైపో నుంచి తీశాక వెలుగులో పెట్టుకుని చూశాడు. ముంజేతి ఎముక చివర టోపీ ఇంకా విడిగా ఉంది. నల్లగీత కొసనుంచి కొసదాకా తెరిచి ఉంది. వేళ్లలోనూ అంతే, ప్రతి గీతా తెరిచే ఉంది. పదహారేళ్ల ఆడపిల్లల చేతులు అతనికి కొత్త కాదు. వాళ్లకి వేళ్ల గీతలన్నీ మూసుకుపోయి, మణికట్టు దగ్గర మాత్రం కాస్త మిగిలి ఉంటుంది. ఇది పన్నెండు దాటి పదమూడు నడుస్తున్న పిల్ల చెయ్యి. ఎడమ మణికట్టు మీదున్న పుట్టుమచ్చ కోసం వెతికాడు. వెర్రి కాకపోతే ఏమిటి? మచ్చ చర్మానిది, ఫోటోకి కనబడదు. తెలిసీ వెతికాడు.

అప్పుడు మొదటిసారి అతనికి పెద్దది జ్ఞాపకం వచ్చింది, వేరే పిల్లగా. దాని చేతిలో మూడో నాలుగో ఉన్నప్పుడే ఆగిపోయాయి. ఈ ఎనిమిదింట్లో ఒక్కటి కూడా దానిది కాదు. అది ఎక్కడికీ వెళ్లి రాలేదు. ఇది ఎక్కడినుంచీ తిరిగి రాలేదు. ఇది మొదటినుంచీ ఇదే. గవరయ్య చీకటిగదిలో స్టూలు మీద కూలబడి నోట్లో తువ్వాలు కుక్కుకుని ఏడ్చాడు.

మధ్యాహ్నం ఫిల్ము చూసి లాహిరి, ఆడవాళ్ల డాక్టరు మాట్లాడుకుంటుంటే తలుపు దగ్గరే నిలబడ్డాడు. “కాయితంలో పదహారున్నర, చేతిలో పన్నెండున్నర. నాలుగేళ్లు వెనకబడింది. ఇది మామూలు తేడా కాదు,” అంది లాహిరి. సోమవారం రక్తం తీసి, ఆ రోజునుంచే హార్మోను మాత్రలు మొదలుపెడదామంది రెండో ఆవిడ.

“ఆ మాత్రలేస్తే, అమ్మా, ఆ గీత?” అన్నాడు గవరయ్య.

“త్వరగా మూసుకుంటుంది. ఎలాగూ మూసుకోవాల్సిన వయసే కదా గౌర్, దానివల్ల నష్టం లేదు,” అని లాహిరి అతని భుజం తట్టింది. ఆమెకి తెలిసిన వయసుకి నష్టం లేదు నిజమే. పదమూడేళ్ల పిల్లకి మాత్రం నష్టమే. ఎదగాల్సిన ఎత్తంతా మాత్రలతో అక్కడే ఆగిపోతుంది, మళ్లీ తెరవడం ఎవరివల్లా కాదు. ఈ ఆసుపత్రిలో ఆ సంగతి తెలిసినవాడు తనొక్కడే. తెలిసీ వెనక్కి తిరిగి చీకటిగదికి నడిచాడు. చెబితే, పదమూడేళ్లుగా తప్పుడు వయసుతో పుస్తకం వాడుకున్నట్టు బయటపడుతుంది. దానికి ఉద్యోగం పోయినా పోవచ్చు. అయితే ఉద్యోగం కన్నా ఎక్కువ భయపెట్టిన సంగతి ఇంకొకటి ఉంది. చెబితే రామమ్మకి కూతురు ఇంకోసారి చచ్చిపోతుంది. ఆ ఆరునెలల రామమ్మని అతను చూశాడు.

శనివారం గడిచింది. రామమ్మ తేలిగ్గా ఉంది, మాత్రలొస్తున్నాయి గదా అని. చేపలపులుసు పెట్టి, కూతురికి తలంటింది. ఆదివారం చర్చి అయ్యాక గవరయ్య వెళ్లి సాల్మన్ రాజుకి అంతా చెప్పేశాడు. సాల్మన్ రాజు టోపీ తీసి పక్కన పెట్టాడు.

“ఉద్యోగం సంగతి మన యూనియన్ లీడరు దాదా చూసుకుంటాడు, కాళ్లమీద పడదాం. ఆ పిల్ల ఎముకల సంగతి ఎవరు చూసుకుంటారయ్యా నువ్వు తప్ప?” అన్నాడు.

సోమవారం ఆసుపత్రి తెరిచీ తెరవగానే గవరయ్య పెళ్లాన్నీ కూతుర్నీ తీసుకుని లాహిరి గదికి వెళ్లాడు. ఆమె ఇంకా టీ తాగుతోంది. ఏమిటిది గౌర్ అన్నా వినిపించుకోకుండా, బీరువా తెరిచి పాత ఫిల్ములు తీశాడు. రోజుల పిల్ల చెయ్యి, ఏడాదిది, మూడేళ్లది, ఏడేళ్లది, పదేళ్లది వరసగా తగిలించి, చివర తన కూతురి చెయ్యి పెట్టాడు. దీపం వేశాడు. చదువులేని మనిషి ఆ గదిలో పాఠం చెప్పడం అదే మొదలు, అదే చివర.

“ఇలగ్రా రామమ్మా. ఇది పుట్టిన గుంట సెయ్యి. లోపల ఏటీ లేదు. ఇది ఏడాది పిల్లది, రెండున్నాయి. ఇది మూడేళ్లది. నెక్కెట్టు.”

రామమ్మ చూపుడువేలు పెట్టి లెక్కపెట్టింది. మూడు. తర్వాతదానికి వెళ్లింది. ఒక్కొక్క చెయ్యీ దాటేకొద్దీ ఆమె కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరిచి, “ఒలమ్మో! ఎవులెట్టినారు మావా ఇయన్నీ?” అంది.

“ఎవులూ ఎట్టలేదు. ఆటికవే వొచ్చినాయి. సివరిది మన అరుంధతి సెయ్యి. ఎనిమిదీ ఉన్నాయి సూడు. దీనికి పదమూడే రామమ్మా. పదారు కాదు.”

“కాయితం పదారు సెప్తాది గదా.”

“కాయితం దానిది కాదు.”

 రామమ్మ మళ్లీ మొదటికి వచ్చింది. మూడేళ్ల పిల్ల ఫిల్ము దగ్గర ఆగింది. 

“అది ఎల్లిపోయినపుడు, దానికి ఎన్ని?”

“మూడు. నాలుగోది వొస్తుండీది.”

“మరి ఇది మళ్లీ ఏటీ లేకుండా మొదలెట్టినాదా? ఒకటీ లేకుండా?”

“ఆఁ. ఒకటీ లేకుండా. అన్నీ ఇదే తెచ్చుకున్నాది.”

రామమ్మ కూతురి ఎడమచెయ్యి అందుకుంది. మచ్చ వైపు చూడలేదు. బొటనవేలితో ఎముకలు తడిమి తడిమి చూసింది, చీకట్లో గాజులు వెతుక్కుంటున్నట్టు. తర్వాత మొగుడి ముఖంలోకి చూసి, “మరయితే అది ఏటయిపోనాది మావా?” అని అడిగింది.

“పోనాది రామమ్మా. ఇసకలోనే ఉన్నాది.”

పధ్నాలుగేళ్లు ఆగి ఆ తల్లి అప్పుడు ఏడ్చింది. గోడకి ఆనుకుని జారి, నేలమీద కూర్చుని, పెద్దదాన్ని పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. లాహిరికి తెలుగు ఒక్క ముక్క రాదు. టీ కప్పు పట్టుకుని లేచి నిలబడింది. గవరయ్య బెంగాలీలో మొత్తం చెప్పాడు, బడి కాయితం, కుటుంబం పుస్తకం, ఏదీ దాచలేదు. ఆమె వినేకొద్దీ ముఖం కందిపోయింది.

“మనిషివా నువ్వు? శుక్రవారం నా ఎదురుగా నిలబడి నోరు మూసుకున్నావా? ఇవాళ మధ్యాహ్నం నుంచి మాత్రలేసేవాళ్లం!” అని గది దద్దరిల్లేలా అరిచింది. అరుస్తూనే ఆడవాళ్ల డాక్టరు రాసిన చీటీని నాలుగు ముక్కలు చేసింది. కోపం తగ్గాక ఫిల్ము ముందుకి వెళ్లి మళ్లీ ఒకసారి చూసింది. “పదమూడేళ్లకి ఈ చెయ్యి లక్షణంగా ఉంది. ఏ లోటూ లేదు. ఇంకో ఏడాదిలో అన్నీ సవ్యంగా అవుతాయి. వాళ్లమ్మని మించి పెరుగుతుంది, చూస్తూ ఉండు,” అంది. ఆ మాట తెలుగులో చెప్పబోతూ గవరయ్య తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. పక్కనుంచి కూతురే చెప్పింది.

పిల్ల ఆ తర్వాత తల్లి పక్కన నేలమీద కూర్చుని, “మా, నాకు అప్ప ఉండేదా? సొత్తి, నిజంగా?” అని అడిగింది, సగం తెలుగు, సగం బెంగాలీ. రామమ్మ తల ఊపింది. “మరి నాకెందుకు సెప్పలేదు?” అంది. రామమ్మ పిల్లని ఒళ్లోకి లాక్కుంది.

ఉద్యోగం పోలేదు. ఒక మెమో వచ్చింది, యూనియన్ దాదా చివాట్లు పెట్టాడు, లాహిరి ఒక ఉత్తరం రాసిచ్చింది. అది పట్టుకుని రికార్డుల కిటికీ దగ్గరికి వెళ్లి పుస్తకం సరిచేయించుకోమన్నారు. నేనూ వస్తానని రామమ్మ పట్టుబట్టింది. ఇన్నేళ్లలో ఆమె ఆ కిటికీ దగ్గరికి రావడం అదే మొదటిసారి. పిల్లని కూడా రమ్మంది.

గుమాస్తా ఉత్తరం చదివి, పాత పుస్తకం వెతికి తీసి, కూతురు అరుంధతి అని ఉన్న వరస దగ్గర స్కేలు ఆనించి ఎర్రసిరా కలం ఎత్తాడు. “దీన్ని కొట్టేసి కొత్తది రాస్తాను,” అన్నాడు బెంగాలీలో. మొగుడు అర్థం చెప్పేలోగా రామమ్మ కిటికీ చువ్వల్లోంచి చెయ్యి దూర్చి స్కేలు పట్టేసుకుంది.

“కొట్టెయ్యకు బాబూ. అది నా పెద్దకూతురు. మూడేళ్లు బతికినాది. అలగే రాయి.”

గవరయ్య బెంగాలీలో చెప్పాడు. పోయినవాళ్లకి ఈ పుస్తకంలో గడి లేదని గుమాస్తా విసుక్కున్నాడు.

“గడి నేకపోతే గియ్యమను మావా.”

వెనక వరసలో జనం గొణుక్కుంటున్నారు. గుమాస్తా ఆమె ముఖం చూశాడు, ఏమనుకున్నాడో, స్కేలు అడ్డంగా తిప్పి పెన్సిలుతో ఒక గడి గీశాడు. పుట్టిన తేదీ, పోయిన నెల అడిగి రాశాడు. కిందవరస మొదలుపెట్టి, “రెండో అమ్మాయి పేరు?” అన్నాడు.

ఆ ప్రశ్న రామమ్మకి అర్థమైంది.  పక్కనున్న పిల్ల వైపు తిరిగి, ఇప్పుడే పురిట్లోంచి చేతికిచ్చిన బిడ్డని చూసినట్టు పైనుంచి కిందిదాకా చూసింది. ఆ పిల్లకి ఏ పేరూ పెట్టలేదని ఆమెకి అప్పుడు తట్టింది.

“నిన్నేటని పిలవమంటావే?” అని అడిగింది.

పిల్ల కాసేపు ఆలోచించింది. “అరుంధతే. మా అప్ప పేరే ఉండనీ అమ్మా,” అని, చువ్వల్లోంచి వంగి తన అసలు పుట్టినతేదీ గుమాస్తాకి తనే చెప్పింది.